కౌసర్ ఎడమ పక్క

24 జూన్ 2024

ఈరోజు మా కాలేజీ స్విమ్మింగ్ పూల్ ఓపెనింగ్. నీలం టైల్స్, స్టీల్ రెయిలింగ్, రెండు పక్కలా పూలకుండీలు. రిబ్బన్ కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, మైసూర్‌పాక్ పంచారు. అందరూ పోయాక ట్రాక్‌సూట్‌తోనే దిగి చూశాను. ఈ చివర నాలుగు ఫీట్లు. ఆ చివరా నాలుగే. నేను పొట్టిదాన్ని. నాకే నీళ్ళు ఛాతీ దాటలేదు.

నేను నేర్పేది వాటర్ పోలో. అందులో కాలు కింద ఆనించకూడదు. ఆటంతా అదే. మజ్జిగ చిలికినట్టు కాళ్ళు తిప్పుతూ తేలాలి, ఒక్క చేత్తో బంతి పట్టాలి, ఒక్క చేత్తో విసరాలి. గోల్‌కీపర్ మాత్రమే రెండు చేతులూ వాడొచ్చు. నాలుగు ఫీట్ల నీళ్ళలో నేర్చిన పిల్ల అలిసిపోగానే కాలు దించుతుంది. ఆ అలవాటు పడితే ఇక పోదు. గుంత తవ్వేటప్పుడే కరస్పాండెంట్ జయపాల్ రెడ్డికి చెప్పాను. ఆడపిల్లలకు గంత లోతు ఎందుకు మేడం అని నవ్వాడు.

గద్వాల నుంచి ధరూర్ పోయే రోడ్డులో రామస్వామి అనే రైతు బావి ఉంది. ఇన్నేళ్ళూ నా టీం ప్రాక్టీస్ అక్కడే. యూనివర్సిటీ కప్పులన్నీ ఆ బావిలోంచి వచ్చినవే. రేపటి సంది బాయి దిక్కు పోవద్దు, అందరు గీడనే అని జయపాల్ రెడ్డి ఆర్డర్ వేశాడు.

25 జూన్

బావికే వెళ్ళాం.

3 జూలై

ఆఫీసుకు పిలిచాడు. బాయిల ఎవరన్న మునిగితే జిమ్మేదారి ఎవరు, పేపర్ల నా పేరొస్తది, మీది రాదు అన్నాడు. బావిలో ఇంతవరకు ఒక్క పిల్లకు గోరు కూడా విరగలేదు, మీ టైల్స్ మీద రెండో రోజే, ఊరికే చూడ్డానికి పోయిన మా కెప్టెన్ సుష్మిత జారిపడి గడ్డానికి కుట్లు వేయించుకుంది అన్నాను.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. అడ్మిషన్ల సీజన్ కదా, బ్రోచర్ కావాలి. నా పిల్లలు పూల్‌లో కప్పు పట్టుకుని నవ్వాలి. కింద, ఈ పూల్‌లో తయారైన ఛాంపియన్లు అని రాస్తారట. ఈ పూల్‌లో ఇంకా కప్ప కూడా తయారు కాలేదు సార్ అన్నాను. క్లర్క్‌కు నవ్వొచ్చి దగ్గినట్టు నటించాడు. జయపాల్ రెడ్డి మాత్రం నవ్వలేదు.

ఎల్లుండి ఫొటోగ్రాఫర్ వస్తాడట. జర సోంచాయించుకోండ్రి మేడం అన్నాడు. సోంచాయించేదేం లేదు.

5 జూలై

ఫొటోగ్రాఫర్ వచ్చేసరికి పిల్లలంతా బావిలో ఉన్నారు. నేనే తీసుకుపోయాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రేపటి నుంచి రావొద్దన్నారు. పదిహేడేళ్ళ ఉద్యోగం.

6 జూలై

నిద్ర పట్టలేదు. ఏడవలేదు కూడా. కోపంలో నాకు ఏడుపు రాదు, ఆకలేస్తుంది. పొద్దున్నే జొన్నరొట్టెలు వరసగా తింటూ పోయాను. మా ఆయన కురుమూర్తి మగ్గం మీద నుంచి చూసి, గిన్నేండ్లు నీళ్ళల్ల నానినవ్ స్వరూపా, ఇగ జర ఎండల కూసో అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం. నేను పళ్ళెం పెట్టిన చప్పుడుకు మళ్ళీ మగ్గం వైపు తిరిగాడు.

ఈ ఆట మొదలుపెట్టినప్పుడు స్టాఫ్‌రూంలో అందరికీ నేను నవ్వులాట. పోలో అంటే గుర్రాలు గదా, నీళ్ళల్లకు ఎట్ల దింపుతరు మేడం అని అడిగారు. మొదటి మ్యాచ్ 21–0. అవతలి కోచ్ జాలిపడి ఆఖరి క్వార్టర్‌లో గోల్స్ వేయొద్దని తన పిల్లలకు సైగ చేశాడు. గోల్స్ తిన్నదానికంటే ఆ సైగకే నాకు ఎక్కువ మండింది. నాలుగో ఏడు అదే కాలేజీని ఓడించాను. ఆయన వచ్చి చేయి కలిపితే, ఈసారి జాలి పడలేదేం సార్ అని అడిగేశాను. నా నోరు అప్పుడూ ఇంతే.

సాయంత్రం టీం మొత్తం ఆటోలో మా ఇంటికి దిగింది. మేం గూడ బంద్ జేస్తం మేడం అని సుష్మిత మొదలుపెట్టింది. తిట్టాను. నా కోసం ఆట మానేసే పిల్ల నాకు అక్కర్లేదు, స్పోర్ట్స్ కోటా సీట్లు మీవి, ఆయన ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడండి అని చెప్పాను. అందరూ తలలు దించుకుని టీ తాగారు.

కౌసర్ మాత్రం తల ఎత్తి నన్నే చూస్తూ కూర్చుంది. మా గోల్‌కీపర్. సెకండియర్. నాన్న షరీఫ్‌కు ధరూర్‌లో బైకు మెకానిక్ షాపు. నా చేతుల్లో తయారైన కీపర్లలో ఇలాంటి పిల్ల లేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, మీరు ఊకుంటరా మేడం అని అడిగింది. ఊరుకోను అన్నాను.

19 జూలై

వనపర్తి నుంచి ఒక కాలేజీ ప్రిన్సిపల్ ఫోన్ చేశాడు. పేరు నిరంజన్. మీరు మా కాడికి రావాలె, జీతం గంత ఇయ్యలేను గానీ అడ్డం మాత్రం రాను మేడం అన్నాడు. బావిలో ప్రాక్టీస్ చేయిస్తాను అన్నాను. నీళ్ళుంటె సాలు గదా, బాయైతే ఏంది, చెరువైతే ఏంది అన్నాడు.

ఒప్పుకున్నాను. రోజూ పెబ్బేరు మీదుగా బస్సు. ఫర్వాలేదు. నాకు కావలసింది ఒక్కటే. డిసెంబర్‌లో యూనివర్సిటీ టోర్నమెంట్. జయపాల్ రెడ్డి ముందు వరస కుర్చీలో కూర్చుని చూస్తుండగా ఆ నాలుగు ఫీట్ల పూల్‌ను ఓడించాలి.

అంటే నా పిల్లల్నే ఓడించాలి. తెలుసు. అది కూడా రాసుకుంటున్నాను.

24 జూలై

పన్నెండు మంది వచ్చారు. ముగ్గురికే ఈత వచ్చు. అందులో రమ్య అనే పిల్లది పెద్దమందడి ఊరు. వాళ్ళ పొలంలో పెద్ద బావి, అడుగు కనిపించదు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఈత రాని వాళ్ళ వీపులకు ఖాళీ నూనె డబ్బాలు కట్టాను. మన్ననూర్ నుంచి వచ్చిన పిల్ల ఒకతి మెట్టు దిగనంటే దిగనంది. అడివిల పులికి గూడ గింత భయపడలె మేడం అంది. చేయి పట్టుకుని ఇద్దరం కలిసి దూకాం. పైకి తేలాక నా మెడ వదలడానికి చాలాసేపు పట్టింది.

నిరంజన్ సార్ మోకు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఎవరైనా మునిగితే లాగుతాడట. ఆయనకే ఈత రాదు. అయినా రోజూ వస్తానన్నాడు. మంచివాడే.

17 ఆగస్టు

మన్ననూర్ పిల్ల ఈరోజు డబ్బా విప్పేసింది.

2 సెప్టెంబర్

పేపర్లో వార్త. గద్వాల టీంకు హైదరాబాద్ నుంచి కొత్త కోచ్ అరవింద్. ఆధునిక పూల్‌లో శాస్త్రీయ శిక్షణ అట. ఫొటోలో నా పిల్లలు పూల్‌లో వరసగా నిలబడి ఉన్నారు. నిలబడి. నీళ్ళు నడుం పైదాకా. పేపర్ మడిచి పెట్టాను. మళ్ళీ తీసి ఒక్కొక్కరి మొహం చూశాను. ఎవరూ చిక్కినట్టు లేరు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో రెండు నెలల్లో వాళ్ళ కాళ్ళు పాడవుతాయి. డిసెంబర్‌లో మూడో క్వార్టర్‌కు మునగడం మొదలుపెడతారు. నేను గెలవబోయేది అలాగే. అది తలుచుకుంటే అన్నం సహించలేదు.

21 సెప్టెంబర్

రమ్య బాగా విసురుతోంది. ఈ పిల్ల చేయి కొరడాలా ఉంది. ప్రాక్టీస్ అయ్యాక జుట్టు పిండుకుంటూ అడిగింది. గద్వాల కీపర్ మీరు తయారు జేసిన పిల్లనే గదా మేడం, ఆమెకు యాడ తక్కువుంటదో మీకు తెల్వదా అని.

ఏం తక్కువ లేదు అన్నాను.

అబద్ధం. కౌసర్ ఎడమ పక్క బలహీనం. బంతి ఎడమ పై మూలకు వస్తే చేయి ఆలస్యంగా లేస్తుంది. ఎడమ కాలు తన్నులో బలం లేదు, అందుకే. మొదటి నెలలోనే పట్టుకున్నాను. ఆ పిల్లకు చెప్పలేదు, చెబితే ధైర్యం పోతుందని. డిఫెన్స్‌లో సుష్మితను ఎప్పుడూ ఆ పక్కనే పెట్టి కప్పుకుంటూ వచ్చాను. ఈ భూమ్మీద ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పను. అంతే.

8 అక్టోబర్

గద్వాల బజారులో కౌసర్ కనిపించింది. పిలిచాను. నన్ను చూసి కూడా చూడనట్టు పక్క సందులోకి తిరిగిపోయింది. చేతిలో కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నేనేం తప్పు చేశాను? కాలేజీ వదిలింది నేనా? నన్ను తరిమింది వాళ్ళు. మండిపోయింది ఒళ్ళంతా. ఇంటికొచ్చి కురుమూర్తి మీద అరిచాను. ఆయన నూలు కండెలు చుట్టుకుంటూ, నన్ను గాదు గద తిట్టేది, తిట్టు తిట్టు అన్నాడు.

11 డిసెంబర్, సాయంత్రం

నాగర్‌కర్నూల్. టోర్నమెంట్ ఈసారి ఇక్కడ. పూల్ లోతైనదే, ఎక్కడా కాలు అందదు.

పొద్దున సెమీఫైనల్ గెలిచాం. ఐదు నెలల క్రితం నూనె డబ్బాలు కట్టుకున్న పిల్లలు గెలిచారు. మన్ననూర్ పిల్ల రెండు గోల్స్ వేసింది. నిరంజన్ సార్ మోకు లేకుండా మొదటిసారి వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అందరికీ అరటిపండ్లు పంచాడు.

రేపు ఫైనల్. గద్వాలతో.

మధ్యాహ్నమంతా వరండాలో తిరిగాను. రమ్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఈ పిల్లలు నన్ను నమ్మి అడుగు కనిపించని నీళ్ళలో దూకారు. నాకు తెలిసింది వీళ్ళకు చెప్పకుండా దాస్తే నేను కోచ్‌ను ఎట్లా అవుతాను? కౌసర్ మీద జాలి పడడానికి నేనెవరిని? నాకు ఒకప్పుడు ఒకాయన జాలి చూపించాడు, అదెంత రోతగా ఉంటుందో నాకు తెలుసు.

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కౌసర్‌కు ఎడమ పై మూల. అక్కడే వేయండి అన్నాను.

చెప్పాక బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాను.

12 డిసెంబర్

ఓడిపోయాం. 6–5.

వరసగా రాస్తాను, లేకపోతే మళ్ళీ మళ్ళీ తలలో తిరుగుతుంది. మొదట నేను చూసింది బంతిని కాదు, గద్వాల పిల్లల భుజాలు. ఎప్పుడు మునుగుతాయా అని. రెండో క్వార్టర్ అయిపోయింది, మునగలేదు. మూడో క్వార్టర్ కూడా అయిపోయింది. కాళ్ళు మజ్జిగ చిలికినట్టు చిలుకుతూనే ఉన్నాయి. నాలుగు ఫీట్ల పూల్‌లో ఇది ఎట్లా వీలైంది? ఆ కొత్త కోచ్ ఏం మాయ చేశాడు? నాకు బుర్ర పనిచేయలేదు.

ఇక కౌసర్. రమ్య మొదటిసారి ఎడమ పై మూలకు వేసింది. బంతి కంటే ముందే చేయి అక్కడుంది. రెండోసారీ అంతే. మూడోసారి ఆ పిల్ల ఒంటిచేత్తో చెట్టు మీద కాయ కోసినట్టు పట్టుకుంది. రమ్య నా వైపు చూసింది. నేను స్కోర్‌బోర్డు వైపు చూశాను.

ఆఖరి నిమిషంలో మాకు పెనాల్టీ. రమ్య మళ్ళీ నా వైపు చూసింది. ఎడమే అని సైగ చేశాను. మొండితనం. వేసింది. ఆగిపోయింది. విజిల్.

రమ్య నీళ్ళు కారుతూనే నా ముందుకొచ్చి నిలబడింది. మీ పాత పిల్లలు గెలవాలని మాకు ఉల్టా చెప్పిన్రా మేడం అని అడిగింది. అందరి ముందూ అడిగింది. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. చేయి పట్టుకుని కౌసర్ దగ్గరకు లాక్కుపోయాను. నువ్వే చెప్పు ఈ పిల్లకు, నీ ఎడమ పక్క సంగతేంటి అన్నాను.

కౌసర్ క్యాప్ విప్పుతూ చెప్పింది. ఎడమ దిక్కు తక్కువని నాకు ఎప్పటి సందో తెల్సు మేడం, సుష్మితక్కను ఎప్పుడు జూసినా గదే దిక్కు నిలబెడ్తుంటిరి, గంత సమజ్ గాదా నాకు అంది. మీరు వనపర్తికి పోయిన్రని ఇన్న దినమే అనుకున్న, మీరైతే ఇడిసిపెట్టరు, తప్పకుండ చెప్తరు అని అంది.

అందుకని రోజూ తెల్లారకముందే రామస్వామి బావికి పోయిందట. తనొక్కతే కాదు, టీం మొత్తం. షరీఫ్ షాపు తెరవకముందు వచ్చి మెట్ల మీద నిలబడి కూతురి ఎడమ పక్కకే బంతులు విసిరాడట. మీ దునుకుడుకు నా మోటర్ పైపు వంకరవోయింది అని రామస్వామి రోజూ తిట్టాడట, గేటుకు మాత్రం తాళం వేయలేదట. కొత్త సార్‌కు తెల్సు, తెల్వనట్టే ఉంటడు, కరస్పాండెంట్ సార్‌కే తెల్వదు అంది. బజార్ల మీతోని మాట్లాడితే నోరు జారుత అని భయమైంది, మాఫ్ జెయ్యుండ్రి అంది.

ఏడ్చాను. ఆ పిల్లను గట్టిగా పట్టుకుని, అక్కడే, అందరూ చూస్తుండగా. ఆయన చెప్పిన చోటే ఆడండి అని నేను చెప్పిన మాట ఒక్కతీ వినలేదు. వాళ్ళకు ఇట్లా మాట వినకపోవడం నేర్పింది ఎవరు మరి.

జయపాల్ రెడ్డి మైకులో మా ఆధునిక పూల్ ఫలితమే ఈ కప్పు అని చెప్తున్నాడు. నా పిల్లలు స్టేజీ మీద నోళ్ళు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. దిగివచ్చి, కొత్త పిల్లలతోని ఫైనల్ దాక వచ్చిన్రు, వాపస్ రాండ్రి మేడం, జీతం పెంచుత, బాయి సంగతి గూడ మాట్లాడుకుందాం అన్నాడు. నాకు టీం ఉంది సార్, ఓడిపోయి ఏడుస్తున్నారు, బస్సెక్కించాలి అన్నాను.

బస్సులో రమ్య నా పక్క సీట్లో కూర్చుంది. వనపర్తి వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. కానీ లేచి వేరే సీట్లోకి పోలేదు.

16 డిసెంబర్, ఉదయం

రమ్య ఫోన్. ఐదు నెలలు ఎడమ దిక్కే జేసిందంటె, ఆమె కుడి దిక్కు గిప్పుడు ఎట్లుంటది మేడం అని అడిగింది.

అందరినీ లేపి బావి దగ్గరకు తీసుకురమ్మన్నాను.