నీ పొలుసుల తప్పు కాదమ్మా

కూర్మన్నపాలెం,
12-8-1998

అమ్మకు, మేమందరం కులాసా.

నువ్వు సింకులో చేపలు తోమగానే నీళ్ళు వంటింట్లోకి పొంగాయని, నీ వల్లే అనుకుని చిన్నబోయి, అన్నమైనా తినకుండా బస్సెక్కేశావు. నిన్న ప్లంబర్ వచ్చి పైపు విప్పి, తీగ దూర్చి పెద్ద గడ్డ లాగాడు. "సేపల పొలుసు కాదమ్మా, ఇల్లు కట్టినోళ్ళు ఒగ్గేసిన సిమెంటు. గంజీ జిడ్డూ దానికే పట్టేసినాయి" అన్నాడు. పొలుసులు నాలుగుంటాయేమో, అంతే.

నాన్న దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు తే.

నిలబడి చేపలు చేసే అలవాటు నీకు లేదని మీ అల్లుడు పెరట్లో కుళాయి దగ్గర రాయి పరిచారు. కత్తిపీట అక్కడే పెట్టి, "అత్తొచ్చి కూకున్నదాకా దీన్నెవులూ ముట్టొద్దు" అంటున్నారు.

నాన్నకు నా దండాలు.

నీ కూతురు,
నూకరత్నం