మూస్తే మళ్ళీ తెరుచుకోదు

దినేశ్, కంప్యూటర్ ప్లగ్గు ముట్టకు. పొద్దున నీ ఫోన్ చార్జింగ్‌కు ఆ ప్లగ్గు ఇయ్యలేదని అలిగి, తినకుండానే పోయినవు. డిజైన్ సాఫ్ట్‌వేర్ గడువు తీరింది. తెర మీదున్న నెమళ్ళ చీర డిజైన్ ఒకసారి మూస్తే మళ్ళీ తెరుచుకోదు. మామయ్య రేపు రంగు అంటొద్దన్నకాడ నూలుకు చిటికి కట్టాలంటే అదే ఆధారం. కరెంట్ పోకముందే గ్రాఫ్ కాగితం మీద దించు. ఫొటోలో గళ్ళు కనబడవు. ఒక్క గడి తప్పినా నెమలి మెడ విరుగుతది.

ఒకసారి కొన్న పాత సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, నెలనెలా పైసలు కట్టేది తెచ్చింది నువ్వే. మనం గీసిన బొమ్మకు మనమే కిరాయిదార్లమైనం. పాత సీడీ కోసం చిట్యాలకు, మా అన్నయ్య దగ్గరికి పోతున్న. దొరికినా దొరకకున్నా, నెలకిరాయి సాఫ్ట్‌వేర్ ఇక ఇంట్లో ఉండదని రాత్రి అన్నం తినేటప్పుడు అందరికీ చెప్తా.

– వదిన

అన్నం పక్కనే పెట్టిన. తిను. పులుసు మాత్రం కాగితం మీద పడనియ్యకు.