దొర తాతగారి ద్రాక్షసారా

1957 జులై 27, ఇపో, మలయా

దొర దగ్గర నుంచి మనిషి వచ్చాడు. ఇంగ్లీషువాళ్ల జెండా మారే లోపే దొర ఫ్రాన్సు వెళ్లిపోతున్నాడట, ఇక రాడట. ఈలోగా ఒక ఆదివారం వచ్చి మా ఇంట్లో సీసా తెరుస్తాడట. ఈయన అప్పుడే గడ్డం గీసుకోవడానికి లేచారు. ఏ ఆదివారమో ఇంకా తెలియనే తెలియదు!

జులై 28

ఆ సీసా... మా పెద్దాడు పుట్టినప్పుడు దొర ఇచ్చింది. ఫ్రాన్సులో బోర్డో దగ్గర వాళ్ల తాతల నాటి ద్రాక్షతోట, ఆ తోట ఎర్ర సారా. "ఇరవై ఏళ్లు చీకట్లో పడుకోబెట్టు, కిరాణీ. ఆనక ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగుదాం" అన్నాడట.

చుక్క ముట్టని మనిషికి సారా మీద ఆశేమిటి? ఆశంతా ఆ కూర్చోవడం మీద. రబ్బరు తోటలో కిరాణీగా, అంటే గుమాస్తాగా, ఉన్నంతకాలం దొర ఎదుట నిలబడే లెక్కలు చెప్పారు. మోకాళ్లు అక్కడే పోయాయి.

ఇరవై ఏళ్లు నిండేసరికి ఎమర్జెన్సీ. అడవిలో కమ్యూనిస్టుల తుపాకులు, తోట చుట్టూ ముళ్లకంచె, దారి పొడుగునా సోదాలు. "వచ్చే ఏడు" అని దొర, "అలాగే" అని ఈయన. వాయిదా వేయడంలో ఇద్దరూ ఇద్దరే.

ఆగస్టు 5

కోడలు సత్యవతి పెరట్లో ఊరగాయ జాడీలు ఎండకు పెడుతోంది. జాడీల మధ్య — సీసా!

"ఏటే ఇది?"

"ఏటా పెడతన్నాను గదత్తా. నిలవుండేదానికి ఎండ తగలకపోతే బూజు పట్టీదా? మంచికే లా!" మాట చివర ఈ ఊరి 'లా' ఒకటి.

సారాకు ఎండ పగ అని దీనికెవరు చెప్పారు... సీసా తుడిచి, బియ్యం డ్రమ్ము వెనక మళ్లీ పడుకోబెట్టాను. ఈయనకు చెప్పలేదు.

ఆగస్టు 12

వచ్చే ఆదివారమే. కుర్చీలు రెండూ ఒకే ఎత్తుండాలట. పక్కింట్లోంచి తెప్పించారు. పెళ్లిచూపులకు కూడా ఇంత హడావుడి పడలేదు. నాకు తెలియదా, ఎదురుగా కూర్చున్నది నేనే.

ఆగస్టు 18

వచ్చాడు. ముసలివాడైపోయాడు పాపం. కార్కు ముక్కలై ఊడింది. రెండు గ్లాసుల్లో పోసి, తాను కూర్చుని, తోటలో నేర్చిన తమిళంలోనే "ఉక్కారు, కిరాణీ" అన్నాడు. కూర్చోమని.

ఈయన నిలబడే ఉన్నారు.

"కూకోండి" అన్నాను వెనక నుంచి.

"ఆఁ... కూకుంతాను." కుర్చీ వీపు పట్టుకున్నారు. అంతే. దొర మళ్లీ అడిగాడు. లాభం లేదు. మోకాళ్ల నొప్పి కాదది, నాకు తెలుసు.

చివరికి దొరే లేచి నిలబడ్డాడు. పక్కన రెండు ఖాళీ కుర్చీలు. దొర ఒక గుక్క మింగి, కళ్లు మూసుకుని, "అద్భుతం" అన్నాడు. ఈయనా గ్లాసు పెదవికి తాకించి, "శానా బాగుంది, దొరా" అన్నారు.

కారు వెళ్లాక అడుగున మిగిలింది నాలుక మీద వేసుకున్నాను. ఒట్టి పులుపు! మర్యాదస్తులు, ఇద్దరూ.

ఆగస్టు 24

సత్యవతిని ఒక్క మాట అనలేదు. "జొరమొచ్చిందేటత్తా?" అని అడిగింది.

ఆగస్టు 31

రేడియోలో "మెర్డేకా, మెర్డేకా" - స్వాతంత్ర్యం వచ్చేసిందట. మనవరాలు వీధిలో అరుస్తోంది. ఈయన మంచం దిగలేదు.

"పినాంగులో దొర ఓడెక్కేసినాడంతావా?"

"ఎక్కేసే ఉంటాడు."

దుప్పటి సర్దుకున్నారు. తర్వాత —

"కూకోవలసింది... కాదేటి?"

నోరున్నదాన్నని ఊళ్లో పేరు. ఇది రాస్తుంటే ఇంకా నా వైపే చూస్తున్నారు...