పూర్తిగా చేతి పనే

అక్కా,

క్షేమ సమాచారాలు అడిగి మొదలుపెట్టే ఓపిక ఈ రోజు లేదు. నాన్న మోసం చేస్తున్నాడు. నామీద గయ్యిమనకుండా ముందు చివరిదాకా చదువు.

మనింట్లో చేసి అమ్మే ఆంప్లిఫయర్ల ప్రాణమంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉందనీ, వెంట్రుకంత రాగితీగని పొరలు పొరలుగా తన చేత్తోనే చుడతాననీ ఊరంతా చెప్పుకుంటాడు కదా. జనం ఎనిమిదేసి నెలలు ఎదురుచూసేది అందుకే. ఫ్యాక్టరీ సరుకైతే ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఫోన్లో "అవునండీ, పూర్తిగా చేతి పనే" అని వాళ్ళకి మాటిచ్చేది నేను.

ఏడాదిగా వెనక గది తలుపు మూసుకుంటున్నాడు. నేను వెళ్తే "దుమ్మొస్తుందమ్మా, బయటే ఉండు" అంటాడు. పూర్తయిన తీగచుట్టలు చూస్తే ఒళ్ళు మండుతోంది. నాన్న చుట్టలో పొర చివర తీగ కాస్త ఉబ్బెత్తుగా లేచేది. ఇప్పుడు దువ్వి జడ వేసినట్టున్నాయి. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి పనితనం ఉన్నట్టుండి పెరుగుతుందా? నా చెవిలో పువ్వు పెడదామనుకుంటున్నాడు. మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో చుట్టించి తెచ్చి, ఆంప్లిఫయర్ మూత లోపల తన పేరు ముద్ర కొట్టేస్తున్నాడు. అమ్మనడిగితే "నీకన్నీ అనుమానాలే, వెళ్ళి భోంచెయ్యి" అని మాట తప్పించింది. ఆవిడకీ తెలుసు!

కిందటేడు చుట్టడం నేర్పమని బతిమాలితే "నీ చేతికి నిదానం లేదు" అన్నాడు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కూతురి చెయ్యి పనికిరాదు, మిషను పనికొచ్చిందా? అందుకే ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగానికి ఒప్పుకున్నాను. వాళ్ళు మిషను పనిని మిషను పని అనే అమ్ముతారు. ఒకటో తారీఖున చేరాలి. ఈలోగా ఒక చుట్ట విప్పి, ఆయన ముందు పడేసి మరీ వెళ్తాను.

నీ చెల్లి

* * *

అక్కా,

ఆ ఉత్తరం చింపెయ్. ఎవరికీ చూపించకు.

మధ్యాహ్నం నాన్న బయటికెళ్ళగానే చుట్ట విప్పాను. పొరకీ పొరకీ మధ్య కాగితం ఉంటుంది. లెక్క తప్పకుండా ఎన్ని చుట్లయ్యాయో దానిమీద పెన్సిల్‌తో రాసుకుంటారు. మిషనుకి ఆ అవసరం లేదు. కాగితం ఖాళీగా ఉంటుంది, నాన్న దొరికిపోతాడనుకున్నాను. కానీ రాసుంది. నాన్న వేసే అంకెలు కాదు, గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటిమీద అడ్డంగా ఒకటి. మనింట్లో పాల ప్యాకెట్లకీ, ఉతికిన దుప్పట్లకీ అలా లెక్కపెట్టేది ఎవరు? అమ్మే కదా!

తలెత్తితే గుమ్మంలో అమ్మ. "విప్పేశావా? నాలుగు రోజుల పని కదే అది!"

"నువ్వా చుడుతున్నది?"

"మీ నాన్నకి చేతులు వణుకుతున్నాయే. పట్టుకుంటే తీగ తెగిపోతోంది. రోజూ నువ్వు పడుకున్నాక నేనే చుడుతున్నా."

"మరి నాకు నేర్పొచ్చు కదా!"

"నేర్పాలంటే నీ పక్కన కూర్చుని చేసి చూపించాలి. ఆ చేతులు నీ కంట పడకూడదని ఆయన బాధ. నిదానం లేదని ఏదో వంక పెట్టాడు."

ఇంట్లోనే ఉండి గమనించలేదా అంటావు. చేతి వణుకు కనపడకుండా నాన్న మాకంటే ముందే భోంచేసి లేచిపోతుంటే, అదీ పొగరే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. అమ్మ భుజం మీద పడి ఏడ్చేశాను.

ఫ్యాక్టరీకి రానని రాసేశాను. నేను విప్పింది నేనే చుడతానని అమ్మ పక్కన కూర్చున్నాను. రెండుసార్లు తెగింది. మూడోసారి మొదలుపెడుతుంటే నాన్న వచ్చాడు. విప్పిన తీగనీ, నన్నూ చూశాడు. అమ్మ లేచి చోటిచ్చింది. చాలాసేపు చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"అంత బిగించకూడదమ్మా" అన్నాడు చివరికి. వణుకుతున్న చేతిని నా చేతిమీద పెట్టి, ఎంత వదలాలో చూపించాడు.

నీ చెల్లి