మూడో సెమిస్టర్ మార్కులు

పద్మా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు మన హారికా నేనూ దాని మార్కుల జాబితాలు ముందేసుకుని కూర్చున్నాం. ఐదు సెమిస్టర్లకు సీజీపీఏ 6.8. ఏడు లేకపోతే క్యాంపస్ ఇంటర్వ్యూలకు రానివ్వరట. ఈ ఆరో సెమిస్టర్‌లో ఎనిమిది వస్తే గట్టెక్కుతుంది. ఏ సబ్జెక్టు రోజుకెంతసేపు చదవాలో కాగితం మీద రాసిచ్చాను.

"మూడో సెమిస్టర్‌లో తొమ్మిది తెచ్చేవు కదా, అలాగే చదువు," అన్నాను.

"అప్పుడు అమ్మ మాడుగుల్లో ఉందనుకున్నాను నాన్నా," అంది.

"మన గుంటకి పరీక్షలయ్యేదాకా సెప్పకండి, మార్కులు పోతాయి," అన్నావు నువ్వు అప్పట్లో, ఆసుపత్రి మంచం మీద నుంచి. అది హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు మాడుగుల పుట్టింట్లో ఉన్నావనీ, అక్కడ సిగ్నల్ అందదనీ చెప్పాను. చివరి పరీక్ష రాసి అది చోడవరంలో బస్సు దిగేసరికి నువ్వు లేవు.

నీ మాట దక్కింది. ఆ మార్కులూ దక్కాయి. తర్వాతి రెండు సెమిస్టర్లూ ఐదున్నర దగ్గరే ఆగాయి. నువ్వు అడగడం తప్పు. నేను వినడం అంతకన్నా తప్పు.

హారిక కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

"ఎనిమిది తెస్తాను. నీకేటైనా అయితే మాత్రం పరీక్షలని ఆగకు. ఫోన్ చెయ్యి," అంది.

సరేనన్నాను. అది నమ్మలేదు.