రిపేరు బల్ల దగ్గర అడిగిన ప్రశ్నలు

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, నేను కులాసాగానే ఉన్నాం. నువ్వు వేళకు తింటున్నావనీ, పరీక్షల పేరు చెప్పి నిద్ర మానుకోవడం లేదనీ అనుకుంటున్నాను. నమ్ముతున్నానని మాత్రం అనడం లేదు.

నీ ఉత్తరం అందింది. నా మోకాలు తగ్గింది. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. మీ నాన్న దాన్ని రెండుసార్లు బాగుచేశారు, ఆ తర్వాతే ఎక్కువైంది. పట్టా పుచ్చుకున్న రోజు ఫొటో అడిగావు, ఈ కవర్లోనే పెట్టాను. ఆ నల్ల గౌనులో దిష్టిబొమ్మలా ఉన్నానని నాన్న తేల్చేశారు. పక్కనున్న మా క్లాసు పిల్లలు మొదటిరోజు నన్ను చూసి టీచరనుకుని లేచి నిలబడ్డవాళ్ళే. చివరికి వాళ్ళే నన్ను తమ జట్టుకు లీడర్‌ని చేశారు.

ఇంకో రెండు ప్రశ్నలు మిగిలాయి. "నువ్వు చదివిన మేనేజ్‌మెంట్ కోర్సులో నేనూ చేరనా? నిజంగా ఏం నేర్చుకున్నావమ్మా?" అన్నావు. మావయ్య ఫోన్ ఎందుకు ఎత్తడం లేదన్నావు. ఈ రెండిటి జవాబులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. అందుకే రాయడానికి చేతులు రాలేదు.

నేర్చుకున్నాను బుజ్జీ. అబద్ధమెందుకు, చాలానే నేర్చుకున్నాను. ఇన్నేళ్ళూ మా కంపెనీ మోటార్ల సెక్షన్లో కూర్చుని మిక్సీ మోటారు ఎందుకు కాలిందో చెప్పగలిగేదాన్ని, అంతే. ఇప్పుడు కంపెనీలో ఒక పని ఎక్కడ మొదలై ఎక్కడ నత్తనడక నడుస్తోందో కాగితం మీద గీసి చూపించగలను. నలుగురు నాలుగు రకాలుగా చెప్పినదాంట్లోంచి అసలు సంగతి ఏరగలను. మనుషుల్ని అడగడం కూడా నేర్పారు. 'ఎందుకు' అంటే తప్పు పట్టారనుకుని ముడుచుకుపోతారట. 'ఎలా' అని అడగాలి. జవాబు రాగానే మనం మాట్లాడకూడదు. శ్రద్ధగా చూస్తూ ఊరుకుంటే, ఇంకా ఏదో చెప్పాలని వాళ్ళకే అనిపిస్తుంది. అసలు విషయం అప్పుడు బయటపడుతుంది.

చివరి ప్రాజెక్టుకి ఎవరి కంపెనీలో వాళ్ళు ఒక విభాగాన్ని తీసుకోమన్నారు. నేను రిపేరు విభాగం తీసుకున్నాను. అక్కడ పెద్ద మీ మావయ్యే కదా, పని సులువవుతుందనుకున్నాను. వాడి సంబరం నువ్వు చూడాల్సింది. తన కుర్చీ తుడిచి నాకు వేసి, తను స్టూలు మీద కూర్చున్నాడు. "మా అక్క ఈ వయసులో చదువుతోందిరా. ఏదడిగినా దాచకుండా చెప్పండి" అని తన కింది వాళ్ళకు చాటింపు వేశాడు.

"వెనక్కొచ్చిన మిక్సీని మీరెలా చూస్తారో చెప్పరా" అన్నాను. చెప్పాడు. రాసుకుని, ఊరుకున్నాను.

కాసేపటికి వాడే నవ్వాడు. "నువ్వు కాబట్టి చెబుతున్నానక్కా. వచ్చేవాటిలో సగానికి జబ్బే ఉండదు. జార్ నిండా కుక్కి తిప్పుతారు, మోటారు ఆగిపోద్ది. అడుగున ఎర్ర బటన్ ఉందని ఎవరికీ తెలీదు. అది నొక్కి, తుడిచి, డబ్బాలో పెట్టి పంపేస్తాం. వాళ్ళేమో మా హస్తవాసి అనుకుంటారు!"

అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆ మాటే నా ప్రాజెక్టుకు ప్రాణమైంది. ఫోన్లో "ఆ బటన్ నొక్కండి" అని చెప్పేవాళ్ళుంటే సగం మిక్సీలు వెనక్కి రానే రావు. మిగతావి బయటి షాపులకు అప్పగించొచ్చు. అలా చూస్తే ఆ విభాగమే అక్కర్లేదని తేలింది. తేలినంత మాత్రాన రాయాలనేముంది? కానీ సిఫార్సు లేని నివేదిక మొండెంలాంటిదన్నారు మా ప్రొఫెసరు. రాశాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

రిపేరు విభాగం మూతబడింది, మావయ్య ఉద్యోగం పోయింది. నా నివేదికను కాలేజీవాళ్ళు కంపెనీకి పంపారనీ, అది చూసే కంపెనీ ఆ పని చేసిందనీ మీ నాన్నతో సహా అందరూ అనుకున్నారు. మీ అత్త నన్ను నిష్ఠూరమాడబోతే మావయ్యే అడ్డుపడ్డాడట. "అక్కేం చేస్తుంది? చదువు కోసం రాసుకుంది. పైవాళ్ళు దాన్ని వాడుకున్నారు" అన్నాడట.

కాలేజీ పంపలేదు బుజ్జీ. నేనే తీసుకెళ్ళి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఇన్నేళ్ళుగా ఆయనకు నేను 'మోటార్లమ్మ'ని. ఒక్కసారైనా పేరు పెట్టి పిలుస్తారని ఆశపడ్డాను. తమ్ముడు గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చాడు. వాడికెక్కడో ఒకచోట పని చూపిస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చూపించలేదు. వెళ్ళి బతిమాలాను. "మీ నివేదికలో ఏమైనా తప్పుందా?" అన్నారు డైరెక్టరుగారు, నన్ను పేరు పెట్టి పిలిచి మరీ. లేదన్నాను. "మరింకేం?" అన్నారు. ఎదుటివాళ్ళను ఒప్పించడమెలాగో నేర్పే సబ్జెక్టు ఒకటుంది మాకు. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ రోజు నోరు పెగల్లేదు. ఆయనిచ్చిన కొత్త హోదాని వద్దనడానికి కూడా పెగల్లేదు. ఇప్పుడు నాకు అద్దాల గది ఇచ్చారు.

మావయ్య నన్ను వెనకేసుకొచ్చాడని తెలిశాక ఉండబట్టలేకపోయాను. వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో స్కూటర్ తుడుస్తున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. గుడ్డ పిండి, మళ్ళీ పిండి, అప్పుడు తలెత్తాడు.

"ఆ రోజు నేను మాట్లాడుతుంటే అడ్డు రాకుండా అలా చూస్తూ కూర్చున్నావే, అదీ చదువులోదేనా అక్కా?"

"అవునురా."

"అదా!" అన్నాడు. "ఇంట్లో చిన్నవాణ్ణి, నా మాట పూర్తిగా ఎవరు విన్నారు గనక. ఇన్నాళ్ళకి అక్క వింటోంది అనుకున్నా."

అంతే. లోపలికెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగాక గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మన ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు దూరంగా ఏదో షాపులో కుదిరాడు. బస్సులో వెళ్ళొస్తున్నాడని మీ అత్త చెప్పింది. నీ మీద వాడికి కోపమేం లేదు. ఎత్తితే నువ్వు సంగతులడుగుతావు, మీ అమ్మ చేసింది నీ చెవిన వెయ్యడం వాడికిష్టం లేదు. అందుకే నేనే చెప్పేశాను. ఇక వాడికి దాచే బాధ తప్పుతుంది. నాన్నకు ఈ రాత్రి చెబుతాను.

నువ్వు మళ్ళీ ఫోన్ చెయ్యి. ఎత్తేదాకా చెయ్యి. నా తరఫున మాత్రం ఒక్క మాటా మాట్లాడకు. కోర్సులో చేరాలా వద్దా అన్నది కూడా నన్ను కాదు, వాణ్ణే అడుగు. ఏమంటాడో నాకు తెలుసు. "చేరు తల్లీ. మీ అమ్మ ఎంత పైకొచ్చిందో చూశావుగా" అంటాడు. ఎత్తిపొడుపుగా కాదు, మనస్ఫూర్తిగానే అంటాడు.

వాడన్న మాట నాకు రాయకు.

ఇట్లు,
మీ అమ్మ