లైన్లో ఉన్నంతసేపూ వినిపించే రాగం

పిట్టా,

నువ్వు కులాసాగానే ఉంటావు, అందుకే అడగడం లేదు.

నిన్న ఇంట్లో నెట్ రావడం లేదని మీ కంపెనీకి ఫోన్ చేస్తే, లైన్లో ఉండమని ఒక కూనిరాగం వినిపించారు. గొంతు నాదే. ఈ పాటెవరిదమ్మా అని అడిగితే, "మా మేడమే కట్టారండీ" అంది అక్కడి అమ్మాయి మురిసిపోతూ.

పాత ఆఫీసులో మేనేజరు నిన్ను అందరి ముందూ కడిగేసిన రోజు, మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, నిన్ను ఊరుకోబెట్టడానికి నేను అప్పటికప్పుడు అల్లిన రాగమే అది. "మళ్ళీ ఏడుపొస్తే వింటానే" అంటూ ఫోన్లో రికార్డు చేసుకున్నావు. ఇప్పుడు అందులోంచి నీ వెక్కిళ్ళు మాత్రం శుభ్రంగా తీయించేశావు.

దాన్ని ఆపేయమని నిన్ను బతిమాలను. ఈసారి ఏడుపొస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యకు. మీ కంపెనీకే చెయ్యి. లైన్లో ఉండమంటారు.

ఒకప్పటి నీ పక్క సీటు